దొర పేరు సరే, తుమ్మ సంగతేంది?

ఏటా హోళీ దగ్గర పడగానే మా వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు తిరుగుతుంది. ఆకుల్లేని కొమ్మ నిండా మోదుగ పూలు, కింద నాలుగు లైన్లు. మన అడవి చెట్టు, మన పండుగ రంగు, మన విస్తరాకు, మరి దాని శాస్త్రీయ నామంలో ఇంగ్లీషు దొర ఎందుకు, ఈ బానిసత్వం ఇంకెన్నాళ్లు అని. చప్పట్ల బొమ్మలు వరుసగా పడతాయి. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి చివరికి ఎవరో ఒకరు నన్ను లాగుతారు: "సార్, మీరేమంటరు?"

నేననేది గ్రూపులో ఎవరికీ నచ్చదు. ఆ దొర పేరు అట్లనే ఉండనివ్వండి. దానివల్ల మనకు పోయిందేమీ లేదు. పోయింది వేరే చెట్టు దగ్గర, అదీ ఎప్పుడో తెల్లదొరల కాలంలో కాదు, ఇరవై ఏళ్ల కింద. అప్పుడు ఒక్క పోస్టూ తిరగలేదు.

ముందు దొర సంగతి చూద్దాం. మోదుగను శాస్త్రంలో బ్యూటియా మోనోస్పెర్మా అంటారు. మొదటి ముక్క ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, రెండోది ఆ గుంపులో జాతి, అక్కడిదాకా ఇంటర్‌లో చదివిందే. బ్యూటియా అని పెట్టింది ఎర్ల్ ఆఫ్ బ్యూట్ గౌరవార్థం. జాన్ స్టువర్ట్ అసలు పేరు. 1762లో బ్రిటన్ ప్రధాని అయ్యాడు, ఏడాది తిరక్కుండానే దిగిపోయాడు. మొక్కల పిచ్చి మాత్రం చివరిదాకా వదల్లేదు. లండన్ పక్కన క్యూ తోట ఎదగడంలో ఆయన చెయ్యి ఉంది. మొక్కల మీద సొంత ఖర్చుతో పుస్తకం వేయించి 12 కాపీలే అచ్చు తీయించాడు. స్టివార్టియా అని ఇంకో ప్రజాతికి కూడా ఆయన పేరే ఉంది. రెండు ప్రజాతులు కొంచెం ఎక్కువే అనుకోండి, కానీ మొక్కలంటే ఏమిటో తెలియని మనిషైతే కాదు.

మోదుగకు ఆ పేరు తగిలించింది మన తూర్పు తీరంలో తిరిగిన కోనిగ్, రాక్స్‌బర్గ్. కోనిగ్ ఈ రెండు ముక్కల పేర్ల పద్ధతిని నిలబెట్టిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు. అడవులు తిరిగి వందల చెట్లను వర్ణించాడు, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, ఇక్కడి చిత్రకారులను కూర్చోబెట్టి బొమ్మలు వేయించాడు. ఆయన పెట్టిన పేర్లలో చాలావాటికి ఎండబెట్టిన మొక్క మిగల్లేదు, ఆ బొమ్మలే ఇవాళ ఆధారం. శాస్త్రీయ నామం వెనుక దాన్ని పెట్టినవాళ్ల పేరు రాస్తారు, బొమ్మ వేసినవాళ్లది మాత్రం రాయరు. దొరల మీద కోపం రావాల్సిన చోటు నిజంగా ఉంటే అది ఇక్కడ ఉంది.

వాళ్లు మోదుగకు పెట్టిన పూర్తి పేరు బ్యూటియా ఫ్రాండోసా. అంతకు కొన్నేళ్ల ముందే ఫ్రాన్సులో లామార్క్ ఇదే చెట్టును తీసుకెళ్లి బాడిద చెట్ల ప్రజాతిలో పడేసి ఎరిత్రినా మోనోస్పెర్మా అన్నాడు. కాయలో ఒక్కటే గింజ ఉంటుందని. ప్రజాతి తప్పింది, జాతి పేరు మాత్రం ముందు అచ్చయింది. ముందు అచ్చయినదానికే హక్కు అన్నది పేర్ల నియమావళిలో (దాన్నే కోడ్ అంటారు) నియమం. అందుకని 1894లో టాబర్ట్ అనే జర్మన్ వీళ్ల బ్యూటియానూ ఆయన మోనోస్పెర్మానూ తెచ్చి కలిపాడు. పేరు వెనుక బ్రాకెట్లో లామార్క్, బయట టాబర్ట్ అని రాసేది ఇందుకే. మా పిల్లలు పరీక్షలో ఆ బ్రాకెట్‌ను ఎగ్గొడతారు. నాకు మాత్రం పేరు మొత్తంలో అదే ఇష్టం. ముందు అన్నదెవరో, తర్వాత సర్దిందెవరో రెండూ అక్కడే దొరుకుతాయి. పాత అటవీ నివేదికలు, ఆయుర్వేద పుస్తకాలు తిరగేస్తే ఇప్పటికీ ఫ్రాండోసానే తగులుతుంది.

ఇక్కడ మా తెలుగు లెక్చరర్ మిత్రుడు అడ్డం పడతాడు. కింశుకం, పలాశం సంస్కృత కావ్యాల నాటి మాటలు, ముందు వచ్చినదానికే హక్కయితే వాటికి కదా రావాలి అని. లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నది చూడాలి. మొక్కలకైతే 1753లో వచ్చిన లిన్నేయస్ పుస్తకం, జంతువులకైతే 1758లో వచ్చిన ఆయన ఇంకో పుస్తకం పదో ఎడిషన్. అంతకుముందు యూరప్ పండితులు ఒక్కో మొక్కకు మూరెడు పొడుగు లాటిన్ వర్ణనలు రాసుకున్నారు, అవన్నీ కూడా ఇదే గీత దగ్గర ఆగిపోయాయి. కింశుకం ఓడిపోలేదు, అసలు బరిలోకే దిగలేదు. మన ఊళ్లో మోదుగను మోదుగ అనడానికి ఏ కోడూ అడ్డు రాదు.

ఇంకో మాట. పేరు నచ్చలేదని, అర్థం కుదరలేదని మార్చేయడానికి మొక్కల కోడ్ ఒప్పుకోదు. 51వ నియమం అదే. పెరూ పేరు పెట్టుకుని మధ్యధరా తీరంలో పెరిగే సిల్లా పెరూవియానా అందుకే ఇంకా పెరూవియానాగానే ఉంది. ఈ మొండితనం మంచిదే. లేకపోతే ప్రభుత్వం మారినప్పుడల్లా చెట్ల పేర్లూ మారేవి. మనకు ఊళ్ల పేర్లతోనే చాలింది.

నియమం దొరల పక్షాన ఉంటుందనుకునేవాళ్లకు ఇప్ప చెట్టు చూపిస్తాను. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో పూలు రాలే కాలంలో పొద్దున్నే బుట్టలతో కనిపించే ఆ ఇప్పే. దాన్ని కోనిగ్ బాస్సియా అన్నాడు, బొలోనా పండితుడు బాస్సి గౌరవార్థం. 1771లో అచ్చయింది. తీరా చూస్తే 1766లోనే అల్లియోని అనే ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు అదే బాస్సి పేరును ఎక్కడో ఉప్పునేలల్లో పెరిగే మొక్కకు పెట్టేశాడు. ఒకే పేరు రెండు ప్రజాతులకు చెల్లదు కాబట్టి రెండోది రద్దు. ఇప్పకు మిగిలింది మధూకా. అచ్చమైన మన మాట, ధర్నాలు లేకుండా, పోస్టులు లేకుండా, నియమం దారిన నియమం పోతే వచ్చింది.

పిల్లల ఫిర్యాదు వేరేగా ఉంటుంది. "గిన్నిసార్లు మారుస్తే ఎట్ల చదవాలె సార్?" నిజమే, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు టెన్షనే. మన రాష్ట్ర పుష్పం తంగేడు ఒక పుస్తకంలో కాసియా, ఇంకోదాంట్లో సెన్నా. లిన్నేయస్ కాసియా అన్నాడు. రాక్స్‌బర్గ్ అప్పుడే కాదు సెన్నా అన్నాడు. ఎవరూ వినలేదు. 1982లో ఇర్విన్, బార్నెబీ ఆ పెద్ద గుంపును విడగొట్టాక రాక్స్‌బర్గ్ మాటకే వచ్చారు. బతుకమ్మలో పక్కపక్కన పేర్చే గునుగు, సీతజడ లిన్నేయస్ దృష్టిలో రెండు జాతులు. ఇప్పుడు రెండూ ఒకటే జాతి కింద లెక్క, సీతజడ తోటల్లో పెంచగా మారిన రూపం. ఇట్లాంటి మార్పులతో నాకు పేచీ లేదు. తెలిసింది పెరిగితే పేరు కదులుతుంది.

అయితే కదిలేటప్పుడు ఏ పేరు ఎవరి దగ్గర మిగలాలి? గొడవంతా ఇక్కడే. ప్రతి జాతి పేరూ ఒక నమూనాకు కట్టి ఉంటుంది, దాన్ని టైప్ అంటారు. ప్రతి ప్రజాతి పేరూ ఒక జాతికి కట్టి ఉంటుంది. భూమి ఎన్ని ముక్కలైనా హద్దురాయి ఎటువైపు పడితే సర్వే నంబరు అటే అన్నట్టు, ప్రజాతిని విడగొడితే టైప్ ఉన్న ముక్కకే పాత పేరు. మిగతావాళ్లు కొత్త పేర్లు వెతుక్కోవాలి.

దీనికి మన జమ్మిని మించిన ఉదాహరణ లేదు. ప్రోసోపిస్ సినరేరియా, తెలంగాణ రాష్ట్ర వృక్షం. లిన్నేయస్ ఈ చెట్టుకు తెలియక రెండుసార్లు పేరు పెట్టాడు. 1753లో మైమోసా సినరేరియా అన్నాడు, 1767లో ప్రోసోపిస్ అనే కొత్త ప్రజాతి కట్టి అందులో స్పైసిజెరా అన్నాడు. జాతి పేర్లలో ముందుది సినరేరియా కాబట్టి అదే నిలిచింది, 1914లో డ్రూస్ సరిచేశాడు. కానీ ఆ రెండోసారి పెట్టిన పేరు వల్లే ప్రోసోపిస్ మొత్తానికి టైప్ మన జమ్మి అయి కూర్చుంది. తర్వాత అమెరికా ఖండాల నుంచి పదుల కొద్దీ జాతులు వచ్చి ఇందులో చేరాయి. మన చెరువు శిఖాల్లో, బీళ్లలో ముళ్లు పరుచుకున్న సర్కారు తుమ్మ కూడా వాటిల్లో ఒకటి. 2022లో డీఎన్ఏ చూసి ఈ గుంపంతా ఒకే మూలం నుంచి వచ్చింది కాదని తేల్చారు. 50కి పైగా ఉన్న జాతుల్లో ఎక్కువ భాగం అమెరికావే. తల లెక్కన చూస్తే పేరు వాళ్లకు పోవాలి. పోలేదు. టైప్ జమ్మి కాబట్టి ప్రోసోపిస్ జమ్మితోనూ దాని ఇద్దరు దగ్గరి చుట్టాలతోనూ ఉండిపోయింది. సర్కారు తుమ్మ పెట్టే బేడా సర్దుకుని నెల్టూమా అయింది. దసరా నాడు జమ్మి పెట్టేటప్పుడు ఈ కథ చెప్తే మా ఇంట్లోవాళ్లు తప్పించుకు తిరుగుతారు, అది వేరే విషయం.

నల్ల తుమ్మకు ఈ న్యాయం దక్కలేదు. నాగలి, ఎడ్లబండికి కర్ర, మేకలకు కాయ, పొద్దున్నే పండ్లపుల్ల, ఇన్ని పనులకొచ్చే చెట్టు అది. నా చదువంతా దాన్ని అకేసియా నిలోటికా అనే చదివాను. అకేసియా అనే ప్రజాతికి టైప్ కూడా అదే జాతి. ఆ ప్రజాతిని విడగొట్టక తప్పదని తేలినప్పుడు, జమ్మి లెక్క ప్రకారమైతే అకేసియా అన్న పేరు నల్ల తుమ్మ దగ్గర ఉండాలి, ఆస్ట్రేలియాలో ఉన్న దాదాపు వెయ్యి జాతులు కొత్త పేరు చూసుకోవాలి. ఆస్ట్రేలియావాళ్లు ఊరుకోలేదు. వెయ్యి పేర్లు మార్చేకంటే టైప్‌నే మార్చేద్దాం అని ప్రతిపాదన పెట్టారు. హద్దురాయినే పీకి అవతల గట్టున పాతడం అన్నమాట. 2005లో వియన్నాలో, ప్రపంచ వృక్షశాస్త్రజ్ఞులు కలిసే కాంగ్రెస్ అనే మహాసభలో ఓటింగ్ జరిగింది. వద్దన్నవాళ్లే ఎక్కువ. అయినా ప్రతిపాదనకు ముందే సరే అన్న కమిటీ సిఫారసును కొట్టేయాలంటే 60 శాతం కావాలన్నారు, అన్ని ఓట్లు రాలేదు. 2011లో మెల్‌బోర్న్‌లో దాన్నే ఖాయం చేశారు.

ఇప్పుడు నల్ల తుమ్మ పేరు వాచెలియా నిలోటికా. ఆ వాచెల్ ఎవరు? మకావులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాదిరి, చైనాలో మొక్కలు సేకరించినాయన. రెండు వందల ఏళ్ల కింద మోదుగకు పెట్టిన దొర పేరు మీద ఏటా యుద్ధం చేస్తాం. కంపెనీ పాదిరి పేరు తెచ్చి మన తుమ్మకు కట్టింది 2008లో. ఆ ఏడు మా గ్రూపు ఉండి ఉంటే ఏం పెట్టేవాళ్లో నాకు తెలుసు, గుడ్ మార్నింగ్ బొమ్మలు.

ఆస్ట్రేలియావాళ్ల వాదనలో పస లేదనను. వెయ్యి పేర్లు మారడం అంటే నర్సరీలు, చట్టాలు, పుస్తకాలు అన్నీ తిరగరాయడమే, పైగా అకేసియాల్లో ఒకటి వాళ్ల జాతీయ పుష్పం. వాళ్ల చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. నా కడుపుమంట ఓట్ల దగ్గర. ఈ కాంగ్రెస్‌లో వెళ్లి కూర్చున్న ప్రతి మనిషికీ ఒక ఓటు ఉంటుంది. దాంతోపాటు హెర్బేరియంలకు కూడా ఓట్లుంటాయి, పెద్దదాన్ని బట్టి ఏడు దాకా. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల బీరువాలు. అవి ఎన్ని ఉంటే, ఎంత బాగుంటే ఆ గదిలో అంత మాట చెల్లుతుంది. తుమ్మలు మొలిచినన్ని మన దగ్గర ఉన్నాయి, వాటి తరఫున చెయ్యెత్తడానికి బీరువాల్లో మొక్కల షీట్లు అన్ని లేవు.

పేర్లు అస్సలు ముట్టుకోకూడదనే మూర్ఖత్వం కూడా నాది కాదు. 2024లో మాడ్రిడ్‌లో మొక్కలవాళ్లు ఒక మంచి పని చేశారు. ఆఫ్రికా నల్లజాతివాళ్లను తిట్టడానికి వాడిన కాఫిర్ అనే మాట నుంచి వచ్చిన కాఫ్రా లాంటి జాతి పేర్లు రెండు వందలకు పైగా ఉండేవి. వాటిలో మొదటి c అక్షరం తీసేసి అఫ్రాగా మార్చాలని ఓటు వేశారు. దాన్ని అడిగింది దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలే. తిట్టును తీసేయాలి, ఒప్పుకుంటా. బ్యూట్ అన్నది తిట్టు కాదు, ఒక మనిషి పేరు. అది విన్న ఏ వరంగల్ బిడ్డ మనసూ నొచ్చుకోదు, ఎందుకంటే వాట్సాప్‌లో చదివేదాకా ఎవరికీ తెలియదు.

మన పేర్లు శాస్త్రంలోకి ఎక్కాలంటే దారి ఏదో పాత ఆదిలాబాద్ జిల్లా చూపించింది. ప్రాణహిత, గోదావరి లోయలో రాళ్ల మధ్య దొరికిన పెద్ద డైనోసార్‌కు 1988లో యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పెట్టాడు. నదికి అవతల సిరొంచ వైపున్న కోట అనే ఊరి పేరు మీద ఆ రాతి పొరను పిలుస్తారు, యామనపల్లి ఇవతలి ఊరు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టింది దాన్నే. ఈసారి వెళ్తే తల చూడండి, అది ఊహించి చేసింది, అసలు పుర్రె దొరకలేదు. 2011లో జక్లపల్లి పేరుతో జక్లపల్లిసారస్, నంబాల పేరుతో నంబాలియా అనే డైనోసార్లు వచ్చాయి. మాలేరి దగ్గర దొరికిన చిన్న డైనోసార్‌ది ఇంకా తమాషా. 1987లో దానికి వాకేరియా మాలేరియెన్సిస్ అని పెట్టారు, వాకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గౌరవార్థం. తర్వాత తెలిసింది, వాకేరియా అని సముద్రంలో గుంపుగా బతికే ఒక చిన్న జీవికి ఎప్పుడో పెట్టేశారని. ఇప్పకు పట్టిన గతే. 1994లో ముందు ఆల్ తగిలించి ఆల్వాకేరియా చేశారు. దొర ఇంటిపేరుకే అతుకు పడింది, మాలేరి అక్షరం కదల్లేదు. ఈ ఊళ్లన్నీ పేర్లలోకి ఎక్కింది ఎవరో నినాదం ఇచ్చినందుకు కాదు. ఏ ఎముక ఏ ఊళ్లో, ఏ పొరలో దొరికిందో తవ్వినవాళ్లు చీటీ రాసి పెట్టారు, అందుకు.

ఆ చీటీ దగ్గరే మనం ఎక్కడున్నామో చెప్పాలి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ప్రతి పిల్లవాడూ హెర్బేరియం షీట్లు పెట్టాలి. మొక్క తెచ్చి, పేపర్ల మధ్య ఒత్తి, ఆరబెట్టి, షీటుకు అంటించి, కింద కుడివైపు చీటీ రాయాలి. ఒక అబ్బాయి మోదుగ పూల షీటు తెచ్చాడు. పూలు కాషాయం పోయి టీ డికాషన్ రంగుకు తిరిగాయి, సెల్లోటేప్ పసుపెక్కి అంచులు లేచింది. శాస్త్రీయ నామం ఒక్క తప్పు లేదు, బ్రాకెట్లో లామార్క్‌తో సహా. స్థలం పాఖాల, తేదీ ఆగస్టు.

"ఆగస్టుల మోదుగు పూసిందా బాబూ?"

"సీనియర్ అన్న ఇచ్చిండు సార్."

చీటీ మూల గోరుతో ఎత్తి చూశాను. కింద ఇంకో చీటీ ఉంది, వేరే దస్తూరి. ధర్మసాగర్ చెరువు కట్ట, మార్చి నెల. దాంట్లో శాస్త్రీయ నామం స్పెల్లింగ్ తప్పు, బ్రాకెట్లు లేవు. కానీ ఎవరో ఒక పిల్లవాడు నిజంగా కట్ట మీదికి వెళ్లి, కొమ్మ వంచి, పూలు తెంపాడు. శాస్త్రానికి పనికొచ్చేది ఆ చీటీయే. మేమేమో దాని మీద అందమైన అబద్ధం అంటించి, పేరు కరెక్టుగా ఉంది కాబట్టి ఫుల్ మార్కులు వేశాం. వచ్చిన ఎక్స్‌టర్నల్ కూడా వేశాడు. పేరు తప్పయితే హెర్బేరియంలో ఎవరైనా వచ్చి దిద్దుతారు, దిద్దుబాటు చీటీ పక్కనే అంటిస్తారు, అది రోజూ జరిగే పనే. ఊరు, తేదీ అబద్ధమైతే దిద్దడానికి ఎవరి తరమూ కాదు.

మా డిపార్ట్‌మెంట్‌లో నేను పెట్టిన ప్రతిపాదన చిన్నది. షీటు మార్కుల్లో పేరుకు తక్కువ, ఊరు, తేదీ, నేల ఎట్లాంటిదో, అక్కడివాళ్లు ఆ మొక్కను ఏమంటారో వీటికి ఎక్కువ. ఒక్క మోదుగకే మోదుగు, మోత్కు అని ఊరూరా పలుకు మారుతుంది, అదీ రాయాలి. పక్క సీటు మేడమ్ ఒప్పుకోలేదు. "గట్లైతే సీనియర్ షీట్లు తెచ్చుడు మానరు సార్, తేదీ మంచిగ రాసుడు నేర్చుకుంటరు, అంతే" అంది. నేర్చుకోనీ అన్నాను. మోదుగ ఏ నెలలో పూస్తదో తెలిస్తేనే కదా ఆ అబద్ధమైనా ఆడగలిగేది. ఆమె నవ్వింది కానీ ఒప్పుకోలేదు. మార్కుల సంగతి ఇంకా నలుగుతూనే ఉంది. ఈలోగా నా బ్యాచ్ వరకు ఫోన్లో లొకేషన్ పడేటట్టు తీసిన ఫొటో కూడా జతచేయమన్నాను. దానికి ఏం ఉపాయం కనిపెడతారో వచ్చే ప్రాక్టికల్స్‌లో చూడాలి.